మధ్యలో ఖాళీ ఉన్న పాట

చెవికి మిషను పెట్టుకోవడానికి మా బాపు చివరికి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు మీద. ఆ షరతేమిటో చెప్పేముందు ఆయన చెవుల సంగతి చెప్పాలి. లేకపోతే డెబ్బైకి దగ్గరపడిన నేతపని మనిషి ఇంగ్లీషు రాక్ పాటల కోసం కన్న కూతుర్ని సతాయించాడంటే మీరు నమ్మరు. నేను కోతలు కోస్తున్నానంటారు.

బాపు ముప్ఫై ఏళ్లకు పైగా షోలాపూర్‌లో, కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో తువ్వాళ్లు నేశాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. రేకుల షెడ్డు కింద ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే, పక్కన పిడుగు పడినా ఎక్కడో నూలు కండె కింద పడిందేమో అనుకోవాల్సిందే. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు. పెదాలు కదిపితే చాలు, ఎదుటివాళ్లు చదివేస్తారు. మిగిలింది చేతులు చూసుకుంటాయి. బొటనవేలు నోటివైపు చూపిస్తే చాయ్, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పడుగు పోగు తెగింది, పిడికిలి నెత్తిమీద పెట్టుకుంటే మాలక్ వస్తున్నాడు, అందరూ బుద్ధిగా ఉండండి అని.

ఈ విద్య వల్లే ఆయనకు చెవుడు వచ్చిన సంగతి మాకు చాలా కాలం తెలియలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే ముఖం చూసి అంతా పట్టేసేవాడు. వీపు తిప్పుకుని మాట్లాడితే మాత్రం పలికేవాడు కాదు. అదేమంటే, “నాకు అన్ని ఇనబడ్తయి. మీకే మాట్లాడొస్తలేదు” అని మా మీదే ఎగిరేవాడు.

అసలు చిక్కు అమ్మతో వచ్చింది. అమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చేట, చేటలో ఆకు, తంబాకు. పొద్దున తల వంచితే మధ్యాహ్నం అన్నానికే మళ్లీ ఎత్తడం. ఆమె మాటలన్నీ ఆ చేటలోకే పోతాయి. బాపుకు పెదాలు కనబడవు, మాట వినబడదు. అందుకని అమ్మ అరవడం మొదలుపెట్టింది. నీలం నగర్‌లో మా ఇళ్లన్నీ గోడకు గోడ. మా ఇంట్లో తాలింపు వేస్తే పక్కింట్లో తుమ్ముతారు. అలాంటి చోట భార్యాభర్తల మాటలు అరిచి చెప్పుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. “ఓ అయ్యా, కడుపు సాఫైందా?” అని అమ్మ గొంతు చించుకుంటే, బాపు పలకకముందే గోడ అవతలి నుంచి పక్కింటామె, “అయిందంట అక్కా, ఇందాకనే మా ఆయనతోని చెప్పిండు” అని జవాబిచ్చేది. నాకు పొట్ట చెక్కలయ్యేది. అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయ్యేది.

నా కాపురం హోట్గి రోడ్డులో. తువ్వాళ్లకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పని నాది, పని చేసే చోటు అమ్మవాళ్ల ఇంటికి దగ్గర. సాయంత్రం చాయ్ అక్కడే తాగి పోతాను. ఒకరోజు అలా కూర్చుని ఉంటే అమ్మ తల ఎత్తకుండానే అంది.

“మీ బాపుతోని ఒక్కసారన్న మెల్లగ మాట్లాడాలె అనిపిస్తదే. గోడలకు ఇనబడకుంట. మా ఇద్దరికే.”

నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు, చుడుతూనే ఉంది. మరుసటి వారమే బాపును చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

డాక్టరు ఏవేవో చప్పుళ్లు వినిపించి, కాగితం మీద గీతలు గీసి, రెండు చెవుల్లోనూ సన్నని శబ్దాలు పోయాయని చెప్పాడు. ఒక మిషను ఇచ్చాడు. పదిహేను రోజులు వాడి చూడండి, పనికి రాదనిపిస్తే తిరిగి తెచ్చివ్వండి అన్నాడు. బాపు దాన్ని పెట్టుకుని దవాఖానా మెట్లు దిగాడు, రోడ్డు మీద ఆటోల హారన్లు విన్నాడు, రెండు నిమిషాల్లో పీకేశాడు.

“కార్ఖానల గూడ గింత లొల్లి లేకుండె” అన్నాడు.

మిషను డబ్బాలోకి పోయింది, డబ్బా ఫ్రిజ్ మీదికి పోయింది. నాలుగు రోజులు నేను బతిమాలాను, తిట్టాను, అలిగాను. ఆయన చలిస్తేనా! “ఏం ఇనాలె నేను? అన్ని ఇన్న. ఉగీచ్, ఉత్తగనే పరేశాన్ చెయ్యకు” అనేవాడు. అయిదో రోజు నేను నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకునేసరికి కొంచెం మెత్తబడి, తన షరతు చెప్పాడు.

“ఆ ఇంగ్లిషోళ్ల పాటలు తే. మా కార్ఖానల ఆడేటియి. మంచి మంచియన్ని ఒక్కతాన ఉండాలె. అయి బరోబర్ ఇనబడితె మిషను ఉంచుకుంట. లేకుంటె వాపస్.”

ఆ పాటల కథ ఇది. నేను చిన్నప్పుడు, కార్ఖానా మాలక్ ఒకసారి గణపతి మండపానికి తెచ్చిన పెద్ద సౌండ్ బాక్సులను షెడ్డులో పెట్టించాడు, పనివాళ్లు పాటలు వింటారని. ఏం పెట్టినా సాంచాల మోతలో కొట్టుకుపోయింది. భజనలు వినబడలేదు, సినిమా పాటలు వినబడలేదు, మరాఠీ లావణిలో ఢోలకీ కూడా పైకి రాలేదు. అంతలో తువ్వాళ్లు కొనడానికి వచ్చిన విదేశీ బేరగాడొకడు తన క్యాసెట్టు ఒకటి మరిచిపోయి వెళ్లాడు. అట్ట మీద జుట్టు పెంచుకుని, ఎవరితోనో తగాదా పడి వచ్చినట్టున్న నలుగురు మనుషులు. అదేదో చూద్దామని పెట్టారు. అమ్మో! గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకునే ఆ మనిషి, మొత్తం కలిసి ఇరవై నాలుగు సాంచాలను దాటుకుని వచ్చి చెవిలో పడ్డాయి. షెడ్డంతా చప్పట్లు కొట్టిందట. అవి మాత్రం వినబడలేదు.

ఆ రోజు నుంచి ఆ బృందం మావాళ్లదైపోయింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పాటలన్నిటికీ తామే పేర్లు పెట్టుకున్నారు. పడుగు చుట్టిన కొత్త బీము సాంచాకు ఎక్కించేటప్పుడు పెట్టుకునేది బీము పాట. పాడేవాడు వెర్రిగా ఊళ పెట్టేది కుక్క పాట. షిఫ్టు అయిపోవచ్చినప్పుడు అందరికీ హుషారొచ్చేది ఉరుకుడు పాట. బాపుకు అన్నం డబ్బా తీసుకుని పోయేదాన్ని కాబట్టి ఈ పేర్లన్నీ నాకూ వచ్చు, ఏ పేరు ఏ పాటదో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

వాటిలో ఒకటి మాత్రం ఎవరికీ పడేది కాదు. దాని పేరు ఖాళీ పాట. బాగానే మొదలవుతుంది. మధ్యకు వచ్చేసరికి ఆగిపోతుంది. రెండు నిమిషాల పాటు సాంచాల మోత తప్ప ఏమీ ఉండదు. టేపు మళ్లీ చెడిపోయిందని, పక్క సాంచాల మీద పనిచేసే కాక వెళ్లి టేపురికార్డరుకు ఫెడీమని ఒక్కటిచ్చేవాడు. వెంటనే డ్రమ్ములు దబదబమని తిరిగి వచ్చేవి. కాకకు తన చేతి మీద ఎంత గర్వమంటే, ఇంట్లో టీవీ, ఫ్యాను, చివరికి నీళ్ల మోటారు చెడిపోయినా అదే వైద్యం చేసేవాడు.

బాపు షరతులో అసలు మెలిక ఇక్కడే ఉంది. “ఆ ఖాళీ పాట ఉన్నది నాకొద్దు. నడుమ పేక తప్పిన తువ్వాల ఎవడన్న కొంటడా? నిండుగున్నయే తే” అన్నాడు. ఫోన్‌లో వద్దట, నడుమ నడుమ సబ్బుల ప్రకటనలొస్తాయట. చేతిలో పట్టుకునే వస్తువు కావాలట. మా ఇంట్లో పాత సీడీ ప్లేయరు ఇంకా బతికే ఉంది కాబట్టి సీడీ అని ఖాయమైంది.

సరే, ఒక పెద్ద బృందం, దాని మంచి పాటలన్నీ ఏరి పెట్టిన సీడీ, అదెంత పని అనుకున్నాను. వెతికితే ఒకటి కాదు, అయిదు కనబడ్డాయి. ఒకదానిలో పదహారు పాటలు. ఒకటి రెండు సీడీలది. ఒకటి జనం కేకల మధ్య మైదానంలో పాడినవి. ఒకటి అభిమానులు ఏరినవి. ఇంకొకటి అచ్చంగా గట్టి పాటలు మాత్రమే. అన్నిటి వెనకా ఇంగ్లీషు పేర్లు. నాకు తెలిసినవేమో బీము పాట, కుక్క పాట. ఏది ఏదో చెప్పేవాళ్లు లోకంలో ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరికీ చెవుడు.

కాకను పిలిచాను. ఆయనా బాపు లాగే, కాకపోతే ఇంకాస్త ఎక్కువ. ఫోన్‌ను పెద్ద స్పీకరుకు కలిపి ఒక్కో పాట ముక్క పెట్టాను. వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది. వీళ్లిద్దరూ మాత్రం, “ఏదీ, పెట్టినవా?” అని నన్నే అడిగారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు బాపు లేచి వచ్చి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. సాంచాలో ఎక్కడ లోపముందో పట్టడానికి కార్ఖానాలో అలాగే చెక్క మీద చెయ్యి పెట్టి చూసేవాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, “బీము పాట” అన్నాడు. కాక రెండో వైపు చెయ్యి పెట్టి, “బరోబర్” అన్నాడు. తరువాతది ఉరుకుడు పాట. ఆ తరువాతది ఏదో తేలక ఇద్దరూ పావుగంట కొట్లాడుకుని, కుక్క పాటని ఖాయం చేశారు. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషు పేర్ల ఎదుట మా పేర్లు రాసుకున్నాను. పదకొండు పాటలు తేలాయి. పన్నెండోది పెట్టగానే ఇద్దరూ ఒకేసారి చెయ్యి తీసేశారు.

“ఖాళీది!” అన్నాడు బాపు, ఏదో కాలినట్టు.

ఆ పేరు పట్టుకుని చూద్దును కదా, అయిదింటిలో నాలుగింటి మీద అదే ఉంది. ఒకదానిలో మొట్టమొదట, ఒకదానిలో చిట్టచివర. అభిమానులు ఏరినదానిలో అదే మొదటిది. ప్రపంచమంతా ఆ బృందం పేరు చెబితే ముందు తలుచుకునేది ఆ పాటేనట. బాపుకు చెబితే ఒంటికాలి మీద లేచాడు.

“దునియకు అకల్ లేదు” అన్నాడు.

“అందరిండ్లల్ల టేపులు ఖరాబే ఉన్నట్టున్నయి” అన్నాడు కాక, జాలిగా.

ఆ రాత్రి ఆగలేక ఇంటికి పోతూ బస్సులోనే చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట మొత్తం విన్నాను. మధ్యకు వచ్చింది. ఖాళీ లేదు. ఒకే ఒక్క గిటారు, చిన్నగా. దాని మీద అదే మనిషి, ఊళలు పెట్టే ఆ మనిషే, పక్కన కూర్చున్నవాళ్లతో చెప్పుకుంటున్నట్టు మెల్లగా పాడుతున్నాడు. రెండు నిమిషాలు. నేను చిన్నప్పటి నుంచీ ఎరిగిన పాట అది, అందులో ఒక మనిషి ఉన్నట్టు నాకూ తెలియదు. నా స్టాపు దాటిపోయింది. తిరిగి నడుచుకుంటూ వచ్చాను.

ఇక నాకు రెండే దార్లు. గట్టి పాటలు మాత్రమే ఉన్న సీడీ తెప్పిస్తే బాపు షరతుకు షరతు తీరుతుంది, ఏ గొడవా ఉండదు. పదహారు పాటలది తెప్పిస్తే అందులో ఆ ఖాళీ పాట ఉంటుంది. ఆయనకు కోపమొస్తే మిషను పీకి డాక్టరుకు పంపేస్తాడు. ఇంక జన్మలో చెవి దగ్గరికి రానివ్వడు. అమ్మను అడిగాను. అమ్మ భయపడింది.

“ఆయన చెప్పిందే తేవే. నీ పంతం సల్లగుండ! పాట ఏదైతేంది, ఆయన మిషను పెట్టుకుంటె నాకు సాలు” అంది.

అమ్మ చెప్పిందే న్యాయం. బుద్ధున్న ఎవరైనా అదే చేస్తారు. నేను పదహారు పాటలది తెప్పించాను. ఎందుకంటే ఎలా చెప్పను, బాపు కూతుర్ని కదా, మొండితనం ఎక్కడికి పోతుంది? ఆర్డరు పెట్టిన మరుక్షణం నుంచి నిద్ర పట్టలేదు. మిషను తెచ్చిన పన్నెండో రోజుకు సీడీ వచ్చింది. డాక్టరు ఇచ్చిన గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

మరునాడు కార్ఖానాలకు సెలవు. పొద్దున పదింటికి కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్లిచూపులకు వచ్చినట్టు. అమ్మ గడప దగ్గర చేటతో కూర్చుంది. బాపు అట్ట మీది నలుగురినీ చూసి, “ముసలోళ్లైనట్టున్నరు” అన్నాడు. అది పాత ఫోటోనే. ఫ్రిజ్ మీది డబ్బా దించి ఆయన చెవికి మిషను పెట్టాను.

మొదటిది బీము పాట. బాపు ముఖం చిట్లించాడు.

“గింత పల్చగున్నదేంది? సాంచాలు లేకుంటె పాట బోసిగున్నది” అన్నాడు.

రెండోది కుక్క పాట. ఊళ వచ్చినప్పుడు కొంచెం నవ్వాడు. మూడోదానికి మోకాలి మీద వేళ్లు ఆడాయి. కాకకు ఏమీ వినబడడం లేదు, బాపు వేళ్లను చూసి తానూ తల ఊపుతున్నాడు. నాలుగోది మొదలైంది. రెండు క్షణాలే. బాపు తల నా వైపు తిరిగింది.

“మోసం జేసినవ్ బిడ్డా” అన్నాడు.

“బాపూ, కొంచెం ఆగు...”

“వద్దన్ననా లేదా? ఖాళీది వద్దన్ననా లేదా?”

చెయ్యి చెవి మీదికి పోయింది. అమ్మ వేళ్లలో చుడుతున్న బీడీ అలాగే ఆగిపోయింది. నేను ఎంత పాపం చేశానో అప్పుడు తెలిసింది. ఇంతలో గిటార్ల మోత ఆగింది. ఆ ఆగడం బాపు ముఖంలో చూసి, కాక అలవాటు కొద్దీ లేచాడు. చెయ్యి పైకెత్తి సీడీ ప్లేయరు మీదికి ఫెడీమని దించబోయాడు.

బాపు ఆ చెయ్యిని గాల్లోనే పట్టుకున్నాడు.

“ఆగు రా.”

“ఏందిరా? బంద్ పడ్డది గద?”

“బంద్ పడలే. ఎవడో పాడుతుండు.”

కాక ప్లేయరు మీద రెండో అరచెయ్యి పెట్టి చూశాడు. “ఏం లేదు. ఖాళీ” అన్నాడు.

“ఖాళీ గాదు. మనిషున్నడు రా” అన్నాడు బాపు.

కాక చెయ్యి వదలకుండానే బాపు రెండు నిమిషాలూ విన్నాడు. డ్రమ్ములు దబదబమని వచ్చాక, ఎవరూ కొట్టకుండానే వచ్చాయి కాబట్టి, ఉలిక్కిపడ్డాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి కాక ఊరుకోలేక, కార్ఖానాలో లాగా చప్పుడు లేకుండా పెదాలు కదిపి, వాడేమంటున్నాడని అడిగాడు.

“నాకేం ఎరుక? మెల్లగ అంటుండు” అన్నాడు బాపు. ఇంకాసేపు విని, “పాపం రా. వాడు గంత మంచిగ పాడుతుంటె గిన్నేండ్లు వాని నెత్తిన కొట్టినం” అన్నాడు.

కాక తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి చేసిన తప్పుకు ఏం శిక్ష వెయ్యాలో తేలనట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత నన్ను అడిగాడు, “బిడ్డా, ఆ డాక్టరు ఏ దిక్కుంటడు?” నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిరునామా రాసిచ్చాను. నాలుగు వీధులకు వినబడేలా వెళ్లొస్తానని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

బాపు మిషను తియ్యలేదు. అయిదో పాట పెట్టమని కూడా అడగలేదు. ఇంట్లో అటూ ఇటూ తిరిగి వచ్చి, గడప దగ్గర అమ్మకు కాస్త ఎడంగా కింద కూర్చున్నాడు. తునికాకు కత్తిరించే చప్పుడు విన్నాడు. వంటింట్లో కుళాయి కింద బిందెలోకి చుక్కలు పడుతుంటే అటు చూశాడు. అమ్మ తల వంచుకుని చుడుతూనే ఉంది.

“ఏమే” అన్నాడు. అరవలేదు. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు ఆగి, మళ్లీ అన్నాడు. “నువ్వు గూడ ఏమన్న అంటుంటివా, గిన్నేండ్లు, గట్ల తలకాయ వంచుకొని?”

అమ్మ తల ఎత్తలేదు. చేటలోకి చూస్తూనే ఏదో అంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, నా చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా ఆమె ఏమందో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

బాపుకు వినబడింది. సిగ్గుపడిపోయి, “ఆఁ... పో” అన్నాడు.